ప్రార్థన అంతా అడగడంతోనే అయిపోతోంది: స్తుతి, ఒప్పుకోలు, విజ్ఞాపన, మొర ఎలా నేర్చుకోవాలి?

వందనాలు. మీ ప్రశ్న ఇది: "రోజూ ఉదయం అరగంట ప్రార్థనకు కూర్చుంటాను. పది నిమిషాల్లో అడగాల్సినవన్నీ అయిపోతాయి. తర్వాత అవే మాటలు తిరిగి తిరిగి వస్తాయి. స్తుతి, కృతజ్ఞత, విజ్ఞాపన, ఉపవాస ప్రార్థన అని సంఘంలో వింటుంటాను. ఇవన్నీ వేరువేరు ప్రార్థనలా? రోజూ అన్నీ చేయాలా?"

ముందుగా ఒకటి చెప్పాలి. అడగడం తక్కువ రకం ప్రార్థన కాదు. "మా అనుదినాహారము నేడు మాకు దయచేయుము" అని అడగమని నేర్పింది ప్రభువే. పూట గడవడం కోసం అడగడానికి సిగ్గుపడాల్సిన పని లేదు. మీ ఇబ్బంది రెండు చోట్ల ఉంది. అడగడం పక్కన ఇంకేమీ లేకపోవడం ఒకటి, అడిగేది కూడా స్పష్టంగా లేకపోవడం మరొకటి. "అందరినీ దీవించు, అంతా బాగుండేలా చూడు" అన్న ప్రార్థన రెండు నిమిషాల్లో అయిపోక ఏమవుతుంది?

పేర్ల గురించి ఎక్కువగా తికమకపడకండి. 1 తిమోతి 2:1లో పౌలు ఒకే వాక్యంలో విజ్ఞాపనలు, ప్రార్థనలు, యాచనలు, కృతజ్ఞతాస్తుతులు అని నాలుగు మాటలు వాడాడు. మన సంఘాల్లో విజ్ఞాపన అంటే ఇతరుల కోసం చేసే ప్రార్థన అని స్థిరపడింది. కానీ మన తెలుగు బైబిల్లోనే ఫిలిప్పీ 4:6లో ఆ మాట మన అవసరాల కోసం మనం వేడుకోవడానికి వచ్చింది, రోమా 8:26లో ఆత్మ మన పక్షంగా వేడుకోవడానికి వచ్చింది. కాబట్టి పేరు కన్నా అందులో జరిగే పనిని గుర్తుపెట్టుకోండి. ఇవి ఏడెనిమిది వేరువేరు ప్రార్థనలు కావు. ఒకే సన్నిధిలో కూర్చుని చేసే వేరువేరు పనులు.

స్తుతికీ కృతజ్ఞతకీ తేడా తెలియక చాలామంది రెంటినీ కలిపేస్తారు. స్తుతి "ఆయన ఎవరు?" అన్నదానికి జవాబు. కృతజ్ఞత "ఆయన ఏం చేశాడు?" అన్నదానికి జవాబు. "నాకు ఉద్యోగం ఇచ్చావు, స్తోత్రం" అంటే అది కృతజ్ఞత. "నీవు మాట తప్పనివాడవు" అంటే స్తుతి. ఉద్యోగం పోయిన రోజు కూడా రెండో వాక్యం నిజంగానే ఉంటుంది. స్తుతిని విడిగా నేర్చుకోవాల్సిన అవసరం అక్కడే తెలుస్తుంది.

నేర్చుకోవడానికి 103వ కీర్తన తీసుకోండి. 22 వచనాల్లో ఒక్క విన్నపం కూడా లేదు. రోజుకు నాలుగైదు వచనాలు పైకి చదివి, అందులో దేవుని గుణం ఒక్కటే ఎంచుకోండి. ఉదాహరణకు, తండ్రి తన కుమారుల ఎడల జాలిపడినట్లు అన్న 13వ వచనం. ఆ జాలి గురించి మీ సొంత మాటల్లో మూడు వాక్యాలు ఆయనతోనే చెప్పండి. మూడే చాలు. నాలుగో వాక్యం వస్తే రానివ్వండి, బలవంతంగా లాగొద్దు. 103 అయ్యాక 145వ కీర్తన పట్టుకోండి. ఈ రెంటితోనే దాదాపు పది రోజులు గడుస్తాయి.

స్తుతిలో మన దగ్గర ఎక్కువగా జరిగే పొరపాటు బిరుదుల వరుస. "మహోన్నతుడా, పరిశుద్ధుడా, సర్వాధికారీ, రాజులకు రాజా" అని ఊపిరి తీసుకోకుండా చెప్పి, ఒక్కదాని దగ్గర కూడా మనసు ఆగకుండా ముందుకెళ్లిపోతాం. రెండోది, తర్వాతి మాట తోచేదాకా మధ్యలో "ప్రభువా, ప్రభువా, స్తోత్రం, స్తోత్రం" అని నింపుకోవడం. వ్యర్థమైన మాటలు పదే పదే పలకొద్దన్న మత్తయి 6:7 హెచ్చరిక ఇలాంటి అలవాటుకే తగులుతుంది. మాట రానప్పుడు ఆగండి. మౌనంగా ఉన్నంత మాత్రాన ఆయన లేచి వెళ్లిపోడు. గ్రాంథికం కూడా అక్కర్లేదు. "దయచేయుము, కరుణించుము" అన్న మాటలు మీ నోటికి సహజంగా వస్తే మంచిదే, రాకపోతే ఇంట్లో మాట్లాడే తెలుగులోనే మాట్లాడండి. తెలుగులో మనం దేవుణ్ణి "మీరు" అనం, "నీవు" అంటాం. అంత దగ్గరివాడితో మాట్లాడుతున్నామని భాషే గుర్తుచేస్తోంది.

కృతజ్ఞత గురించి పెద్దగా చెప్పక్కర్లేదు, ఒక్క నియమం చాలు. గడిచిన 24 గంటల్లో జరిగినవి మూడు చెప్పండి, ఆ వారంలో ఒకసారి చెప్పినది మళ్లీ చెప్పకండి. "ఆరోగ్యం ఇచ్చావు, కుటుంబాన్ని ఇచ్చావు" అని రోజూ ఒకే రెండు మాటలు చెప్పేవారికి ఈ నియమం కొంచెం కష్టంగా ఉంటుంది. మూడో రోజుకల్లా కళ్లు తెరుచుకుని వెతకాల్సి వస్తుంది. లూకా 17లో పదిమంది కుష్ఠరోగులు బాగుపడితే తిరిగి వచ్చింది ఒక్కడే. మిగతా తొమ్మండుగురూ చెడ్డవాళ్లని అక్కడ రాసి లేదు, వాళ్లు తిరిగి రాలేదు అంతే.

ఒప్పుకోలు దగ్గర కాస్త ఆగుదాం. ఎక్కువమంది తప్పించుకు తిరిగేది ఇక్కడే. "తెలిసీ తెలియక చేసిన పాపాలన్నీ క్షమించు" అన్న ఒక్క వాక్యంతో ముగిస్తే మనసుకు ఏమీ తగలదు. 51వ కీర్తన అలా పుట్టలేదు. ప్రవక్త నాతాను దావీదు రాజు దగ్గరికి వచ్చి "ఆ మనుష్యుడవు నీవే" అని వేలు చూపించాక పుట్టింది. ఒప్పుకోలులో మూడు సంగతులు ఉండాలి: ఏం చేశాను, ఎవరి పట్ల చేశాను, ఇప్పుడు ఏం సరిచేయాలి. ఉదాహరణకు: "నిన్న సాయంత్రం అత్తయ్య అడిగిన దానికి కావాలనే గుచ్చేలా జవాబిచ్చాను. ఆమె చిన్నబుచ్చుకున్నా చూడనట్టు ఉన్నాను. ఈ రోజు మధ్యాహ్నంలోగా ఆమెతో మాట్లాడతాను, నాకు ధైర్యం ఇవ్వు." మూడో భాగం లేకపోతే ఒప్పుకోలు సగంలో ఆగినట్టే. బలిపీఠం దగ్గర అర్పణ వదిలి, ముందు వెళ్లి సహోదరునితో సమాధానపడమని మత్తయి 5:23-24 చెప్తోంది. జక్కయ్య కూడా మాటలతో ఆగలేదు, అన్యాయంగా తీసుకున్నదానికి నాలుగంతలు తిరిగి ఇస్తానన్నాడు.

ఒప్పుకోలు చెడిపోయే తీరులు కొన్ని ఉన్నాయి. "కానీ" అన్న మాటతో చెడుతుంది: "కోప్పడ్డాను ప్రభువా, కానీ వాళ్లే ముందు మొదలుపెట్టారు." ఆ "కానీ" తర్వాత వచ్చేది ఒప్పుకోలు కాదు, ఫిర్యాదు. దాన్ని తీసేసి మళ్లీ చెప్పండి. ఎప్పుడో ఒప్పుకుని విడిచిపెట్టిన పాత పాపాన్ని రోజూ తవ్వుకోవడం ఇంకో తీరు. 1 యోహాను 1:9 ప్రకారం ఆయన క్షమించడానికి నమ్మదగినవాడు. అదే పాపం మళ్లీ చేస్తే మళ్లీ ఒప్పుకోవాలి గానీ, చేయనిదాన్ని కేవలం భయంతో పదే పదే ఎత్తుకుంటే అది ఆయన మాట మీద నమ్మకం లేకపోవడమే. మరొకటి బహిరంగ కూడికల్లో జరుగుతుంది: తన తప్పు ఒప్పుకుంటూ ఇంకొకరి పేరు, ఇంకొకరి గుట్టు బయటపెట్టడం. ఒకరితో ఒకరు ఒప్పుకోమని యాకోబు 5:16 చెప్పింది, నిజమే. అందుకు నోరు జారని విశ్వాసి ఒక్కరుంటే సరిపోతుంది. కతోలిక సంఘంలో పాపసంకీర్తనానికి ముందు ఆత్మపరిశోధన చేసుకుని, పాపాలను పేరుపెట్టి గురువుతో చెప్పుకుంటారు. మీరు ఏ సంఘానికి చెందినవారైనా, పేరుపెట్టి చెప్పే ఆ పద్ధతి నేర్చుకోదగ్గది.

ఇక మీకు అలవాటైన విన్నపం. గుడ్డివాడైన బర్తిమయిని చూడగానే అతనికి ఏం కావాలో యేసుకు తెలియక కాదు, అయినా "నేను నీకేమి చేయగోరుచున్నావు?" అని అడిగాడు (మార్కు 10:51). జవాబు ఒక్క మాట: చూపు. మీ విన్నపాన్నీ అంత చిన్న వాక్యంలో పెట్టగలరేమో చూడండి. "మా ఆర్థిక పరిస్థితి చూడు" అనడం కన్నా "ఈ నెల 25లోగా పాప కాలేజీ ఫీజు కట్టాలి, ఇంకా ఇరవై వేలు తక్కువ" అని చెప్పండి. స్పష్టంగా అడిగితేనే జవాబు వచ్చినప్పుడు గుర్తుపట్టగలరు.

"నీ చిత్తమైతే" అన్న మాటను జాగ్రత్తగా వాడండి. సిలువకు ముందు రాత్రి గెత్సేమనే తోటలో యేసు ముందు సూటిగా అడిగాడు: ఈ గిన్నె నా యొద్దనుండి తొలగిపోనిమ్ము. ఆ తర్వాతే "నీ చిత్తప్రకారమే కానిమ్ము" అన్నాడు. ఆ వరుస ముఖ్యం. చాలామంది అడగడానికి భయపడి, జవాబు రాకపోతే నొప్పి తగలకుండా ముందే ఆ మాటను అడ్డం పెట్టుకుంటారు. అదే ప్రార్థన ఆయన మూడుసార్లు చేశాడు. పౌలు కూడా తనను బాధించే శరీరంలోని ముల్లు తీసేయమని మూడుసార్లు వేడుకున్నాడు. ముల్లు పోలేదు గానీ "నా కృప నీకు చాలును" అన్న జవాబు వచ్చింది. అదే విషయం మళ్లీ మళ్లీ అడగడం తప్పు కాదు. మనసు లేకుండా మాటలు తిప్పడమే తప్పు.

మొక్కుబడుల గురించీ చెప్పాలి. "ఈ పని అయితే కానుక వేస్తాను, ఇన్ని శుక్రవారాలు ఉపవాసం ఉంటాను" అని మొక్కుకునే అలవాటు మన ఇళ్లలో బలంగా ఉంది. బిడ్డ కోసం హన్నా మొక్కుకుంది, మాట నిలబెట్టుకుంది కూడా. కానీ మొక్కుకుని చెల్లించకపోవడం కన్నా మొక్కుకోకపోవడమే మేలని ప్రసంగి 5:5 అంటోంది. కానుకను ధరలా ముందు పెడితే అది బేరమవుతుంది. ఇవ్వాలనుకున్నది పని కాకముందే ఇచ్చేయండి, అప్పుడు బేరానికి చోటుండదు.

విజ్ఞాపనకు జ్ఞాపకశక్తి మీద ఆధారపడకండి, నోటుబుక్కు పెట్టుకోండి. పేజీకి మూడు గడులు: తేదీ, విన్నపం ఒక్క వాక్యంలో, జవాబు. వారంలో ఏడు రోజులకు ఏడు పేజీలు, ఒక్కో రోజుకు ఐదు పేర్లకు మించొద్దు. అలా వారానికి 35 మంది అవుతారు, ఒక మనిషి హృదయపూర్వకంగా మోయగలిగింది దాదాపు అంతే. ఇంట్లోవాళ్ల పేర్లు రోజూ ఉంటాయి, వాటిని ఈ లెక్కలో కలపొద్దు. ఒకరోజు పేజీలో అధికారులను రాయండి: మీ సర్పంచి, ఎమ్మెల్యే, ముఖ్యమంత్రి. మీరు ఓటు వేయనివారైనా సరే. రాజుల కొరకు ప్రార్థించమని పౌలు రాసింది రోమా చక్రవర్తులు ఏలుతున్న రోజుల్లో. ఒకరోజు పేజీలో మిమ్మల్ని బాధపెట్టిన ఇద్దరి పేర్లు తప్పకుండా ఉండాలి. ఆ పేజీ మొదట్లో కష్టంగా ఉంటుంది. ఆ రోజున పేరు చెప్పి "ఈయనకు మేలు చేయి" అన్న ఒక్క వాక్యంతో ఆపినా చాలు.

మూడు నెలలకోసారి పుస్తకం మొత్తం తిరగేయండి. జవాబు వచ్చినవాటి ఎదురుగా తేదీ వేయండి. రానివాటిని కొట్టేయొద్దు, కొత్త పేజీలోకి ఎక్కించుకోండి. 1854 జనవరి 1న ఒంగోలు కొండమీద మిషనరీ లైమన్ జ్యూయెట్ దంపతులు, వెంట వచ్చిన కొద్దిమంది తెలుగు విశ్వాసులు తెల్లవారుజామున మోకరించి ఆ ప్రాంతం కోసం ప్రార్థించారు. మరో మిషనరీ జాన్ క్లౌ ఒంగోలుకు వచ్చి స్థిరపడింది 1866లో. 1878 జూలై 3న ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు. ఆ కొండమీది ప్రార్థనకూ ఆ రోజుకూ మధ్య ఇరవై నాలుగేళ్లు. తేదీలు రాసిపెట్టుకునేవారికే ఇంత పొడవైన జవాబు కనబడుతుంది.

ఒక జాగ్రత్త. ప్రార్థన విన్నపం పేరుతో చాడీలు చెప్పుకోవడం మన కూడికల్లో మామూలైపోయింది. "ఫలానావారి అబ్బాయి గురించి ప్రార్థించండి, మీకు తెలుసుగా ఏం జరిగిందో" అన్న తరహా. వాట్సాప్ ప్రార్థన గ్రూపుల్లో ఇది ఇంకా వేగంగా పాకుతుంది. ఎవరి విషయమైనా గ్రూపులో పెట్టేముందు వాళ్లనే అడగండి. జబ్బు పేరు, స్కానింగ్ రిపోర్టు, కుటుంబ గొడవ, ఏవీ వాళ్ల అనుమతి లేకుండా పెట్టొద్దు. దేవునికి ఆ వివరాలు గ్రూపు ద్వారా తెలియాల్సిన పని లేదు.

మీరు అడగనిది, నిజానికి ఎక్కువగా అవసరమయ్యేది ఒకటుంది: మొర. 150 కీర్తనల్లో సుమారు మూడో వంతు మొరలే, అయినా మన ఆరాధనల్లో అవి వినబడవు. ఏడ్చేవాణ్ణి చూస్తే వెంటనే "స్తోత్రం చెప్పు, అంతా మంచికే" అంటాం. 13వ కీర్తన అలా అనదు. "యెహోవా, ఎన్నాళ్లవరకు నన్ను మరచిపోవుదువు?" అంటూ మొదలై, మొదటి రెండు వచనాల్లోనే నాలుగుసార్లు "ఎన్నాళ్లు" అని అడుగుతుంది. తర్వాత రెండు వచనాలు విన్నపం. చివరి రెండు నమ్మిక. ఆరే వచనాలు. ఈ అచ్చులో మీ మొర రాసుకోండి. మొదట దేవుణ్ణి పేరుపెట్టి పిలవండి, ఆయన వెనక మాట్లాడకండి. తర్వాత బాధను ఉన్నదున్నట్టు చెప్పండి, మెత్తబరచకండి. ఆపైన ఏం కావాలో అడగండి. చివర, ఇంతకుముందు ఆయన చేసిన ఒక్క మేలును గుర్తుచేసుకోండి. ఆ చివరి భాగం ఈ రోజు నోటికి రాకపోతే అబద్ధం చెప్పొద్దు. 88వ కీర్తన చీకటి దగ్గరే ఆగిపోతుంది, అయినా అది బైబిల్లోనే ఉంది. అసలు మాటే రాని రోజున రోమా 8:26ను ఆనుకుని కూర్చోండి: ఉచ్చరింపశక్యం కాని మూలుగులు కూడా ప్రార్థనే. హన్నా పెదవులు కదిలాయే గానీ స్వరం వినబడలేదు, యాజకుడు ఏలీ ఆమె మత్తులో ఉందనుకున్నాడు. దేవుడు పొరబడలేదు.

వాక్యధ్యానం ప్రార్థన కాదనుకుంటారు, అది వినే భాగం. 12వ శతాబ్దపు సన్యాసి రెండో గైగో దానికి నాలుగు మెట్లు చెప్పాడు: చదవడం, ధ్యానించడం, ప్రార్థించడం, మౌనంగా ఆయన ఎదుట ఉండిపోవడం. పది వచనాలకు మించకుండా తీసుకుని రెండుసార్లు నెమ్మదిగా చదవండి, తగిలిన మాట దగ్గర ఆగండి, దాన్నే ప్రార్థనగా మార్చండి. అధ్యాయాల లెక్క పూర్తి చేయాలన్న తొందర ఉంటే ఇది కుదరదు. లెక్క ప్రకారం చదివే సమయం వేరుగా పెట్టుకోండి.

ఉపవాస ప్రార్థనలో ఉపవాసం ప్రార్థనకు సమయం ఇవ్వాలి. భోజనం మానేసి ఆ గంట ఫోనులో గడిపితే అది ఆకలే. మొదటిసారైతే ఒక్క పూట మానండి, నీళ్లు తాగుతూ ఉండండి, ఆ పూట వంటకూ తినడానికీ పట్టే సమయాన్ని ప్రార్థనకు ఇవ్వండి. విరమించేటప్పుడు జావ, మజ్జిగ లాంటి తేలికైనది తీసుకోండి. రోజంతా ఉండి రాత్రి బిర్యానీతో విరమిస్తే కడుపు ఏమవుతుందో చెప్పక్కర్లేదు. ఇన్సులిన్ గానీ షుగరు మాత్రలు గానీ వాడేవారు, గర్భిణులు, పాలిచ్చే తల్లులు డాక్టరును అడగకుండా ఉపవాసం ఉండొద్దు. మాత్ర వేసుకుని తిండి మానేస్తే షుగరు ప్రమాదకరంగా పడిపోవచ్చు. అలాంటివారు టీవీ, ఫోను మానుకోవచ్చు. కతోలిక నియమం కూడా విభూది బుధవారం, శుభ శుక్రవారాల ఉపవాసాన్ని 18 నుంచి 59 ఏళ్లవారికే పరిమితం చేసింది. ఇక యెషయా 58 చదవకుండా ఉపవాసం మొదలుపెట్టొద్దు: ఉపవాసం ఉంటూనే పనివాళ్లను పీడించేవారి ప్రార్థన పైకి వినబడదని అక్కడ సూటిగా ఉంది. పనిమనిషి జీతం బాకీ ఉంటే ముందు అది ఇవ్వండి.

రోగుల దగ్గర చేసే ప్రార్థన చిన్నగా ఉండాలి. పది నిమిషాలు దాటొద్దు. ఏం ప్రార్థించమంటారో మంచం మీదున్నవారినే ముందు అడగండి. నూనె రాసి ప్రార్థించడానికి సంఘ పెద్దలను పిలవమని యాకోబు 5:14 చెప్పింది. మందులు ఆపమని అందులో ఎక్కడా లేదు. స్వస్థత కలగకపోతే "విశ్వాసం చాలలేదు" అని ఎవరూ ఎప్పుడూ అనకూడదు, ఆ మాట రోగం కన్నా ఎక్కువ గాయం చేస్తుంది.

కుటుంబ ప్రార్థన పావుగంట. ఒక కీర్తన, ఎనిమిది పది వచనాలు, ఒక్కొక్కరూ ఒక్కో వాక్యం ప్రార్థన, చివర అందరూ కలిసి యేసు నేర్పిన పరలోక ప్రార్థన. పిల్లలకు నిద్ర ముంచుకొచ్చే తొమ్మిదిన్నరకు కాకుండా భోజనానికి ముందు పెట్టుకోండి. పెద్దవాళ్లు ప్రార్థన ముసుగులో పిల్లలకు చీవాట్లు పెట్టొద్దు. "ప్రభువా, వీడు చదివేలా బుద్ధి ఇవ్వు" అని వాడి ముందే రోజూ అంటే, వాడు ప్రార్థన అంటేనే దూరం జరుగుతాడు.

మీ అరగంటకు వస్తే, రోజూ అన్నీ సమానంగా చేయక్కర్లేదు. రెండు నిమిషాలు మౌనం, కీర్తన ఆధారంగా స్తుతి ఐదు నిమిషాలు, ఒప్పుకోలు నాలుగు, కృతజ్ఞత మూడు, ఆ రోజు పేజీలోని పేర్లు, మీ విన్నపాలు కలిపి పన్నెండు, చివరి నాలుగు నిమిషాలు పరలోక ప్రార్థనను ఒక్కో వాక్యం దగ్గర ఆగుతూ. ఒప్పుకోలును స్తుతి తర్వాత పెట్టడానికి కారణముంది: యెషయా 6లో ప్రవక్త ముందు సింహాసనాన్ని చూశాడు, ఆ తర్వాతే తన పెదవుల అపవిత్రత కనబడింది. గడియారం చూస్తూ ప్రార్థించడం ఇబ్బందైతే మొదటి వారం మాత్రం చూడండి, తర్వాత చూడనక్కర్లేదు. మొర పెట్టాల్సిన రోజు వస్తే ఈ పట్టికంతా పక్కన పెట్టి అరగంటా మొరకే ఇవ్వండి.

మొదటి వారం అన్నీ ఒకేసారి మొదలుపెట్టకండి. ఇప్పుడు అడిగేవాటికి 103వ కీర్తన, మూడు కృతజ్ఞతలు మాత్రం కలపండి. రెండో వారం నోటుబుక్కు. మూడో వారం ఒప్పుకోలు, ఆ మూడు భాగాలతో. ఆదివారం సాయంత్రం పుస్తకం తెరిచి వచ్చే వారం పేజీల్లో పేర్లు రాసిపెట్టుకుంటే, సోమవారం తెల్లవారుజామున నిద్రకళ్లతో ఎవరికోసం ప్రార్థించాలా అని వెతుక్కోవాల్సిన పని ఉండదు.